పాతసామానుల అంగడిలో చేతిపని



నేను చిరకాలము పాఠశాలలో తెలుగు బోధించి విశ్రాంతి పొందిన ఉపాధ్యాయుడను. హైదరాబాదు పాతనగరపు తూర్పుదిక్కున నున్న సైదాబాదులో నివసించుచున్నాను. పాతసామానుల అంగళ్లలో కానవచ్చు చేతిపని వస్తువులను గూర్చి నేడు మీకు కొన్ని మాటలు చెప్పదలచితిని. “పట్టణపు అంగడి ముచ్చట పల్లెలో నున్న మాకేల?” యని మీలో కొంద రడుగవచ్చును. ఆ అంగళ్లకు వచ్చు వస్తువులలో ననేకము మీ యటకల మీదినుండియు, మీ వంటయిండ్ల మూలలనుండియు బయలుదేరినవే. బయలుదేరునపుడు వాని విలువ నెరిగినవారు మీరొక్కరే. కావున ఈ మాటలు పట్టణవాసులకంటె మీకే ముఖ్యములు.

ముందుగా ఆ అంగళ్లెట్టివో చెప్పెదను. పురానాపూల్ సమీపమున జుమేరాత్ బజారను సంత కలదు. పురానాపూల్ అనగా 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున మూసీనదిపై కట్టిన పాతవంతెన. జుమేరాత్ అనగా ఉర్దూలో గురువారము. ఆ దినమున వేకువనే వర్తకులు నేలపై గోనెపట్టాలు పరచి, విరిగిన పంకాలు, తుప్పుపట్టిన పనిముట్లు, నిలిచిపోయిన గడియారములు, మూతలేని కూజాలు కుప్పలుగా పోయుదురు. జనులు దానిని చోర్‌బజారనియు పిలుతురు గాని, అక్కడి సొత్తంతయు దొంగసొత్తని తలపరాదు. ఆదివారమున ఎర్రగడ్డలో నిట్టి సంతయే జరుగును. చార్మినారు చుట్టుపట్ల వీథులలో పాతవస్తువులనే అమ్ము దుకాణములు కొన్ని గలవు. బేగంబజారు పాత్రల యంగళ్లలో పాత యిత్తడి నిచ్చి క్రొత్త పాత్రలను గొనిపోవువారు నేటికిని కనబడుదురు.

ఈ బజారులకు వస్తువులు రెండు కాలువల వెంట ప్రవహించి వచ్చినవి. మొదటిది దేవిడీల కాలువ. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసినది. 1949లో జాగీర్లు రద్దయినవి. రాబడి తెగిన కుటుంబము లనేకము తమ పెద్దయిండ్లలోని పాన్‌దాన్లను, అత్తరుదాన్లను, హుక్కాలను, దీపపు గుత్తులను ఒక్కొక్కటిగా నమ్ముకొన్నవి. పిమ్మట దేవిడీలును కూలి, వాని తలుపులు, స్తంభములుకూడ బజారున బడినవి. ఈ కాలువ యిప్పటికి చాలవరకు ఎండిపోయినది. రెండవది పల్లెల కాలువ. ఉక్కుపాత్రలు వచ్చిన తరువాత ఇత్తడి గుండిగలు, రాగి బిందెలు, కంచు గిన్నెలు మూలబడినవి. బోరింగులు, నల్లాలు వచ్చిన తరువాత గంగాళముల యవసరము తీరినది. కొలతలు కిలోలలోనికి మారిన తరువాత సోల, తవ్వ, మానిక పనిలేనివైనవి. ఇల్లు పడగొట్టి క్రొత్తది కట్టునపుడు పాతసామానువాడు తక్కెడతో వాకిట నిలుచును. ఈ కాలువ యింకను పారుచున్నది.

తక్కెడకు బరువు తెలియును గాని పనితనము తెలియదు. నేడు నేను చెప్పదలచిన దంతయు ఈ యొక్క మాటలో నిమిడియున్నది. ఐదుసేర్ల పోతబిందెయు, ఐదుసేర్ల నగిషీబిందెయు తక్కెడలో సమానములే. ఒకదానిని యంత్రము గడియలో చేసియుండవచ్చును. రెండవదానిపై కంచరి యొకడు పదిదినములు కూర్చుండి సుత్తెపోటు వేసియుండవచ్చును. తక్కెడ ఆ పదిదినములకు కాసైన నీయదు. తూకమునకు పోయిన వస్తువును అంగడివాడు గుర్తించి వేరుగా పెట్టినయెడల అది బ్రదుకును. గుర్తింపనియెడల కొలిమిలో కరగిపోవును. కరగిన యిత్తడి మరల ఇత్తడియే యగును గాని, ఆ చేయి మరల రాదు.

కావున చేతిపనిని గుర్తించు విధము తెలిసికొనవలయును. నేను బజారులలో తిరుగుచు, పనివారి నడిగి నేర్చుకొన్న గురుతులను కొన్నిటిని చెప్పెదను.

మొదట లోహపు పాత్రలు. పాత్రను వెలుతురున కేటవాలుగా పట్టి చూడుడు. సుత్తెతో సాగగొట్టిన పాత్రయందు చిన్నచిన్న చదునుపలకలు చేపపొలుసులవలె మెరయును. అవి యన్నియు నొక్క పరిమాణమున నుండవు, ఎందుకనగా చేతి దెబ్బ ప్రతిసారియు నొక్కతీరున పడదు. రెండు రేకులను కలిపి చేసిన పాత చెంబులలో, బిందెలలో అతుకు కనబడును. కొన్నిటియందు రేకుల యంచులు పండ్లు పండ్లుగా నొకదానిలో నొకటి చొచ్చియుండును. ఆ యతుకును లోపమని తలపవలదు, అది కంచరివాని సంతకము. పిమ్మట అరుగుదల చూడుడు. నిజముగా వాడిన పాత్ర చేయి తగులుచోట, పెదవి తగులుచోట, నేల తగులుచోట అరుగును. అంతటను సమానముగా నల్లబడి, ఎక్కడను అరుగని పాత్రను క్రొత్తగా చేసి పులుసుతోనో మందుతోనో ముదురురంగు తెప్పించిరని శంకింపవలయును.

జనగామ మండలమునందలి పెంబర్తి ఇత్తడి రేకుపనికి పేరుగాంచిన గ్రామము. అక్కడి పనివారు రేకును కాచి, మెత్తపరచి, లక్కవంటి దిమ్మపై నిలిపి, ఉలులతో వెనుకనుండి ఉబ్బించి, ముందునుండి తీర్చి, లతలను, హంసలను, దేవతామూర్తులను తెప్పింతురు. గుడితలుపుల కవచములు, వాహనముల తొడుగులు ఈ పనియే. ఇట్టి రేకును త్రిప్పి వెనుకవైపు చూచినచో బొమ్మ గుంటలుగా అగుపించును. అచ్చుయంత్రముతో నొత్తిన రేకునకును వెనుక గుంటలుండును గాని, అందు ఎడమవైపు హంసయు కుడివైపు హంసయు అణువంతయు తేడా లేక యుండును. చేతిపనిలో రెండు హంసలు అక్కచెల్లెండ్రవలె నుండునే గాని, అద్దములో నీడవలె నుండవు.

రెండవది బిద్రీపని. ఇది మొదట బీదరు పట్టణమునది. ఆ పట్టణము ఒకప్పుడు హైదరాబాదు సంస్థానములోనిదే యగుటచే ఇచ్చటి బజారులలో బిద్రీ వస్తువులు తరచు దొరకును. సుమారు పదునారు పాళ్లు యశదమునకు, అనగా జస్తునకు, ఒక పాలు రాగి కలిపి ఇసుక మూసలో పోతపోయుదురు. పైభాగమును నునుపుచేసి, గీతలు స్పష్టముగా నగుపడుటకు మైలుతుత్తపు నీటితో తాత్కాలికముగా నల్లజేసి, చిన్న యులితో బొమ్మను చెక్కుదురు. ఆ గాడిలో వెండితీగనో వెండిరేకునో కొట్టి కూర్చి, ఆకురాయితో పైకి సమముగా రాచెదరు. తుదకు బీదరుకోటలోని పాతమట్టిని నవాసారముతో కలిపి కాచిన నీటిలో ముంచగా, లోహము కాటుకవలె నల్లబడును; వెండి మాత్రము తెల్లగానే నిలుచును. నూనె రుద్దినచో నలుపు మరింత నిగారించును. ఇట్టి వస్తువు చూడ చిన్నదైనను చేతికి బరువుగా తగులును. గోటితో వెండిగీతను దాటి గీచినచో ఎత్తుపల్లము తెలియదు. నకిలీలో వెండి పైపూతగానో, నలుపు రంగుపూతగానో యుండి, అంచున లేచిపోవుచుండును. చిరకాలము మూలబడిన బిద్రీలో వెండికూడ మసకబారి, వస్తువంతయు నల్లని ముద్దవలె కనబడును. అట్టిదానిని పనికిరానిదని పారవేసినవారు పెక్కురు. మెత్తని బట్టకు రవంత కొబ్బరినూనె రాచి తుడిచి చూడవలయునే గాని, చింతపండుతో తోమరాదు. తోమినచో నలుపు చెడును.

మూడవది కొయ్యపని. నిర్మల, కొండపల్లి బొమ్మలు పొణికికొయ్యతో చేయుదురు. అది తేలికయైన మెత్తని కొయ్య. బొమ్మను చేతిలో పెట్టుకొన్నంతనే బరువు లేకుండుట తెలియును. అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండితో చేసిన జిగురుతో అదుకుదురు. పాతబొమ్మకు రంగు పెచ్చులుగా లేచినచోట లోపలి తెల్లపూత కానవచ్చును. రంగు పోయినదని మీ యింటి పిల్లలు దానికి క్రొత్తరంగు పూయనెంచినచో వారింపుడు.

నాలుగవది బట్ట. బందరు కలంకారీ అచ్చులతో వేసినది. అచ్చు ప్రక్కన అచ్చు మోపుచోట వెండ్రుకవాసి యెడమో, వెండ్రుకవాసి కలయికయో యుండును. శ్రీకాళహస్తి కలంకారీ వెదురుకలముతో గీచినది. అందు గీత యొకచోట బలిసి, యొకచోట సన్నగిలి నడచును. బట్టను ముందుగా కరక్కాయ రసములోను పాలలోను తడుపుదురు; నల్లనిరంగు ఇనుపముక్కలను బెల్లపునీటిలో నానవేసి తీయుదురు. రంగు నూలులో నింకియుండుటచే వెనుకవైపునకును కొంత తేలును. యంత్రపు ముద్రలో గీతలన్నియు నొకేలావున నుండి, వెనుకవైపు తరచు వెలవెలబోవును.

ఇక చేర్యాల పటములు. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలయందు నకాషీ చిత్రకారులు ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, జిగురు, చింతగింజల అంబలి పట్టించి, ఎర్రని నేలపై కులపురాణములను వరుసగా చిత్రింతురు. కథకులు ఆ పటమును విప్పుచు ఊరూర కథ చెప్పెడివారు. పటము శిథిలమైనపుడు దానిని నదిలో నిమజ్జనము చేసి క్రొత్తది వ్రాయించుకొనుట ఆచారము. అందువలన ప్రాచీన పటములు మిక్కిలి యరుదు. పాతబట్టల మూటలో నట్టిది కనబడెనేని, మడతపెట్టక, చుట్టగానే యుంచి, తేమ తగులనీయక కాపాడవలయును.

ఈ గురుతులన్నియు చేయి చెప్పునవి. వీనికంటె విలువైనది మరొకటి కలదు. అది నోరు చెప్పునది, అనగా వస్తువు పేరు, దాని యుపయోగము, దానిని చేసినవాని యూరు. ఇది వస్తువుతో పాటు బజారునకు రాదు. ఒక గురువారము జుమేరాత్ బజారులో బీగముల కుప్పనడుమ జానెడు పొడవుగల యినుపకడ్డీ యొకటి నాకంటబడినది. ఒక కొన సూదివలె మొనదేలియున్నది. రెండవ కొన చాకువలె పలుచనై, దానిపై ఇత్తడి చిలుక యొకటి కూర్చుండియున్నది. అది తాటియాకులపై వ్రాయు గంటము. చాకుకొన ఆకు నంచులు కోయుటకు. నేను వర్తకు నడిగితిని. అతడు నవ్వి, “ఏమో మాస్టర్ సాబ్, ఆడవాళ్లు జడలో పెట్టుకొనేదేమో. ఊళ్లనుంచి తూకానికి వచ్చింది” అనెను. అతని తప్పేమియు లేదు. ఒక యింట మూడు నాలుగు తరములు పురాణములను వ్రాసిన పనిముట్టు, ఇల్లు దాటిన మరుక్షణమే పేరు పోగొట్టుకొన్నది. ఏ యూరిదో, ఎవరి చేతిదో, ఏ గ్రంథమును వ్రాసినదో నేనెన్నడును తెలిసికొనజాలను. అటకమీదినుండి దానిని దించిన దినమున ఆ యింటి ముసలివారిని ఒక్కమాట అడిగియుండినచో తెలిసియుండెడిది.

చూడగల కన్నున్నచో పాతసామానునుండి యెంత నిలుచునో తెలుపుటకు మన నగరమే సాక్షి. మూడవ సాలార్‌జంగు, మీర్ యూసుఫ్ అలీఖాన్, 1949లో మరణించువరకు దేశదేశముల కళావస్తువులను కూర్చెను. 1951 డిసెంబరు 16వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ వానిని ప్రదర్శనశాలగా ప్రారంభించెను. 1968లో అది మూసీతీరమునందలి యిప్పటి భవనమునకు మారినది. అందు పాలరాతి బొమ్మలను చూచి మురియువారు, బిద్రీ వస్తువులున్న గదిలోనికిని తప్పక పోవలయును. ఆయన ధనవంతుడు గదా యందురేమో. జగదీశ్ మిత్తల్ గారు చిత్రకారుడు. గొప్ప సంపద గలవారు కారు. భార్య కమలగారితో కూడి, ఇతరులు తక్కువగా నెంచిన దక్కను చిత్రములను, బట్టలను, బిద్రీపనిని, పటములను ఏండ్లతరబడి యేరి, 1976లో హైదరాబాదునందే ఒక కళాసంగ్రహశాలగా నిలిపిరి. జపానుదేశమున సోఎత్సు యనాగి యను పండితుడు క్యోటో నగరపు సంతలలో పేదయిండ్ల గిన్నెలను, కుండలను, నేతబట్టలను ఏరెను. వానిని చేసినవారి పేర్లెవరికిని తెలియవు. 1936లో టోక్యోలో ఆయన వానికొక ప్రదర్శనశాల నిర్మించెను. నిత్యము వాడు వస్తువునందే జాతి పనితనము నిలిచియుండునని ఆయన సిద్ధాంతము. మన సోలయు, తవ్వయు, అడకత్తెరయు, సున్నపుకాయయు అట్టివి కావా?

ఇచట కొన్ని హెచ్చరికలు చెప్పవలసియున్నది. 1972లో చేసిన పురావస్తువుల చట్టము ననుసరించి, నూరేండ్లు నిండిన శిల్పములు, చిత్రములు, చేతిపని వస్తువులు పురావస్తువులగును. తాళపత్రాది ప్రాచీన లిఖితములకు డెబ్బదియైదేండ్లు చాలును. వానిని విదేశములకు పంపుట ప్రజలకు నిషిద్ధము. వ్యాపారముగా అమ్ముటకు అనుమతిపత్రము కావలెను. శిల్పములు, చిత్రములు మొదలగు కొన్ని తరగతులను ఇంట నుంచుకొన్నవారు నమోదు చేయించుకొనవలయును. పొలము దున్నునపుడు విగ్రహమో నాణెముల కుండయో బయల్పడెనేని, 1878 నాటి నిక్షేపముల చట్టము ననుసరించి కలెక్టరునకు తెలుపవలయును. గుడి విగ్రహము అమ్మజూపినవానియొద్ద ఎంత చౌకయైనను కొనరాదు. అది ఏదో యొక యూరి గర్భగుడిని శూన్యముచేసి వచ్చినదై యుండవచ్చును. మరియొకటి: కళాయి పోయిన పాత యిత్తడి, రాగిపాత్రలలో పులుసు, చింతపండు, పెరుగు వండుటగాని నిలువయుంచుటగాని ఆరోగ్యమునకు హాని. వాడదలచినచో కళాయి పెట్టించి వాడుడు.

ఇంతకును మీరు చేయదగిన దేమి? పాతవస్తువు నొక్కటియు అమ్మవలదని నేను చెప్పను. ఇంట అవసరము వచ్చినపుడు ఇత్తడి అమ్ముకొనుట పాపము కాదు. కష్టకాలమునకు అక్కరకు వచ్చుననియే మన పెద్దలు ఇత్తడిని కూర్చిరి. అన్నిటిని దాచిపెట్టుటకు ఇండ్లలో చోటును లేదు. ఐనను అమ్ముటకు ముందు నాలుగు పనులు చేయుడు.

ఒకటి, వస్తువును తక్కెడలో పెట్టకముందు వెలుతురున పెట్టుడు. చేతిపని గురుతులు కనబడినచో ఆనాడే తూకమునకు ఈయక, కొన్నాళ్లు నిలుపుడు. నిలిపినందున నష్టము లేదు. ఇత్తడి చెడునది కాదు.

రెండు, దాని కథను వ్రాయింపుడు. పేరేమి, దేనికి వాడిరి, ఎవరి పుట్టింటినుండి వచ్చినది, ఏ యూరి పనివాడు చేసెను, ఈ నాలుగు మాటలు చాలును. మీ చేయి వణకినచో మనుమలచేత వ్రాయించి, వారి సెల్‌ఫోనులలో వస్తువు బొమ్మను తీయింపుడు. ఇంటి ముసలమ్మలను తప్పక అడుగుడు. పాత్రల పేర్లు మగవారికంటె వారికే యెక్కువ తెలియును. వస్తువు అమ్ముడైపోయినను ఆ చీటీ మీయింట నిలుచును. చీటీకి నకలు తీసి వస్తువుతో గూడ పంపినచో, దాని విలువయు పెరుగును.

మూడు, ఊరి బడిలో ఒక బీరువా అడుగుడు. కొలతపాత్రలు, గంటము, చేనేత పనిముట్లు, పాతబొమ్మలు అందుంచినచో పిల్లలు పుస్తకములో చదివిన సోలను కంట జూతురు. నేను బడిలో నున్నకాలమున “మానెడు” అను మాటకు అర్థము చెప్పుటకు నల్లబల్లపై నెన్ని బొమ్మలు గీచినను, ఒక మానికను చేతికిచ్చిన దినమున తెలిసినంత పిల్లలకు తెలియలేదు.

నాలుగు, బ్రదికియున్న పనివానిని మరువకుడు. పాతవస్తువును మెచ్చుట సులభము. దానిని చేయగలవాడు నేటికిని పెంబర్తిలో, చేర్యాలలో, నిర్మలలో, బీదరులో కూర్చుండి పని వెదకుకొనుచున్నాడు. గుడికి దీపపు సెమ్మె కావలసినపుడు, పెండ్లికి కానుక ఈయవలసినపుడు అతని నడుగుడు. విరిగిన పాతవస్తువును బాగుచేయించుటకును అతనియొద్దకే పొండు. అతని కొలిమి చల్లారెనేని, ఈ గురుతులన్నియు చదువ నేర్చియు మనకు మిగులునది పాతసామానుల అంగడి యొక్కటే.

పాతసామానువాడు మీ వాకిట కేకవేయు దినము రాకపోదు. అతడును పొట్టకూటికై తిరుగువాడే. అతనికి తెలిసిన విద్య తూకము. వస్తువుపేరు తెలిసినవారు మీరు. అతడు తక్కెడ ఎత్తకమునుపే మీరు ఆ పేరు చెప్పి, ఎవరిచేతనైన వ్రాయింపుడని ప్రార్థించుచున్నాను.